తలెత్తకుండా రాసిన కొలతలు

మా వీధిలో కోపానికి పేరుబడ్డవాళ్ళం ఇద్దరమే. ఒకణ్ణి నేను, రెండో మనిషి ఎదురు షాపు టైలరమ్మ. నాది బొత్తాలు, దారాలు, జిప్పులు, లైనింగు గుడ్డ అమ్మే కొట్టు. పది బొత్తాల అట్ట కోసం పావుగంట బేరమాడే మనిషి మీద కోపం రాకపోతే, ఒంట్లో బాగాలేదేమోనని నాకే అనుమానం వస్తుంది. టైలరమ్మ కోపం అలాంటిది కాదు. వంకర కుట్టు మీద తప్ప దేని మీదా రాదు. వచ్చిందంటే మాత్రం వీధి మొదట్లో సైకిళ్ళు బాగుచేసేవాడు కూడా పని ఆపి వింటాడు.

షాపు నిజానికి అక్కచెల్లెళ్ళిద్దరిదీ. పెద్దావిడ నోట్లోంచి ఒక మాట రావాలంటే పూట పడుతుంది. ఆ లోటంతా చిన్నావిడ తీర్చేస్తుంది. వీధిలో టైలరమ్మ అంటే చిన్నావిడే. ఆవిడ నన్ను అన్నయ్యా అంటుంది, పెద్దావిడ తమ్ముడూ అంటుంది. ఏ చుట్టరికమూ లేదు. ఇరవై రెండేళ్ళు ఎదురెదురుగా కూర్చుని, ఒకరి ఫ్లాస్కులో టీ ఒకరం తాగితే వరసలు వాటంతటవే కలిసిపోతాయి.

చిన్నావిడ మనిషి మొహం చూసి పలకరించడం నేను ఎన్నడూ చూడలేదు. ఆవిడ కళ్ళు ముందు భుజం కుట్టు మీద వాలతాయి, తర్వాత నడుము దగ్గరికి దిగుతాయి, ఓపికుంటే మొహం దాకా వస్తాయి. "అన్నయ్యా, ఆ చొక్కా నీదేనా, ఎవరిదైనా అడిగి తెచ్చుకున్నావా?" అన్నది ఆవిడ భాషలో కుశలప్రశ్న. ఒకసారి నాకు పదిరోజులు జ్వరం వచ్చి తగ్గింది. నేను చిక్కిపోయానని మా ఇంటావిడ కంటే ముందు కనిపెట్టింది చిన్నావిడే. అదీ నా కాలరు వదులు చూసి. బట్ట ఒంటికి సరిగ్గా నప్పిందంటే మనిషి బాగున్నట్టే అన్నది ఆవిడ లెక్క. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు కాబట్టి మేమూ నమ్మాం.

పని పంచుకోవడంలో వాళ్ళకొక పద్ధతి ఉంది. టేపు పట్టి కొలిచేది పెద్దావిడ. బల్ల దగ్గర కూర్చుని పుస్తకంలో రాసుకునేది చిన్నావిడ. కత్తిరించి కుట్టేది చిన్నావిడ. అంచులు మడిచి, బొత్తాలు వేసి, ఇస్త్రీ చేసి మడతపెట్టేది పెద్దావిడ. షాపు తెరిచిన కొత్తల్లో ఒక లావుపాటి ఆవిడ వచ్చిందట. పెద్దావిడ టేపు చుట్టి "నలభై ఆరు" అంది. రాస్తున్న చిన్నావిడ ఊరికే తలెత్తి చూసింది. వచ్చినావిడ మొహం కందగడ్డయింది. గుడ్డ లాక్కుని వెళ్ళిపోయింది, మళ్ళీ ఆ ఛాయలకి రాలేదు. అప్పుడు చిన్నావిడే నియమం పెట్టింది: కొలిచే మనిషి అంకె చెప్పాలి, రాసే మనిషి తలెత్తకూడదు. మనిషిని చూడకుండా అంకె ఒక్కటే వినాలి. పాత కొలతతో కొత్త బట్ట కుట్టకూడదన్నది ఇంకో నియమం. సొంత కూతురైనా సరే, ప్రతిసారీ నిలబడి కొలిపించుకోవలసిందే.

ఆ కూతురి గురించి చెప్పాలి. చిన్నావిడకు ఒక్కతే. పుట్టినప్పుడు గుండ్రంగా ఉందని పెద్దమ్మ ముద్దుగా బంతి అంది, అదే స్థిరపడిపోయింది. పెద్దావిడకు పిల్లల్లేరు. ఆ పిల్ల ఏ ఒళ్ళో ఎక్కువసేపు కూర్చునేదో చెప్పడం కష్టం. మా కొట్టుకొచ్చి రంగురంగుల బొత్తాలు నేల మీద పోసుకుని ఆడేది. నా సరుకు చిందరవందర చేసినా నాకు కోపం రాని ఒకే ఒక్క మనిషి. "మావయ్యా, నీ దగ్గర ఎన్ని కళ్ళ బొత్తాలున్నాయి?" అని అడిగేది. రెండు కళ్ళవి, నాలుగు కళ్ళవి విడివిడిగా పేర్చేది.

బంతికి పదకొండేళ్ళప్పుడు తండ్రి పోయాడు. పొద్దున్న పనికెళ్ళిన మనిషి సాయంత్రానికి లేడు. చిన్నావిడ మంచం పట్టింది. ఐదు నెలలు లేవలేదు. నోట్లో పెడితే మింగేది, లేకపోతే లేదు. బడి నుంచి వచ్చి వంట చేసి, తల్లికి తల దువ్వి, ఆ తర్వాత షాపుకొచ్చి పెద్దమ్మకు గుడ్డ అందించి, కొలతలు రాసిపెట్టేది ఆ పదకొండేళ్ళ పిల్ల. అదంతా నేను కళ్ళారా చూశాను. ఆరో నెలలో ఒకరోజు చిన్నావిడ లేచి వచ్చి, తను లేనప్పుడు అక్క కుట్టిన నాలుగు జాకెట్లు తిప్పి చూసి, "ఇవేం కుట్లు?" అని అరిచింది. మేమంతా బతికాంరా అనుకున్నాం. కానీ ఆ రోజు నుంచి అందరి నోళ్ళలో ఒక మాట ఉండిపోయింది. ఆవిడకు ఏదైనా చెప్పాలంటే, వద్దులే, తట్టుకోలేదు అనుకునేవాళ్ళం. నేనూ అన్నాను, ఒకసారి కాదు, పదిసార్లు. అది ఎంత చెడ్డ మాటో అప్పుడు తెలియదు.

బంతికి కుట్టు మాత్రం అబ్బలేదు. తల్లి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేది. ఆ పిల్ల వేసిన కుట్టు చీమల బారులా ఎటో పోయేది. "విప్పి మళ్ళీ కుట్టు" అనేది తల్లి. విప్పి మళ్ళీ వంకరగానే కుట్టేది. "నా చేతులకి కళ్ళు లేవమ్మా" అని నవ్వేది. చదువైపోయాక కళ్ళద్దాల షాపులో ఉద్యోగం వచ్చింది. "సూదిలో దారం ఎక్కించుకోవడం రాదు గానీ, ఇది ఊరందరికీ కళ్ళద్దాలు అమ్ముతుందట అన్నయ్యా" అని చిన్నావిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయింది.

ఇరవై నాలుగో ఏట బంతి పోయింది. శుక్రవారంనాడు కడుపునొప్పని ఆస్పత్రిలో చేర్చారు, పదకొండు రోజులుంది. డాక్టర్లతో మాట్లాడింది, కాయితాలు చూసింది అంతా పెద్దావిడే. ఆస్పత్రి గౌనులో కూతుర్ని చూసి ఇంత చిక్కిపోయిందేమిటని చిన్నావిడ అడిగిందట. తిండి లేక అన్నారట. ఆస్పత్రి గౌను ఎవరికీ సరిపోదు కదా, అందుకే అలా కనిపిస్తోందని తనకు తనే సర్దిచెప్పుకుందట. కుట్టుపని చేసే మనిషి తప్ప ఇంకెవరూ అలా అనుకోరు.

ఈసారి మంచం పడుతుందని మేమంతా భయపడ్డాం. పడలేదు. మూడో వారంలో వచ్చి మిషను ముందు కూర్చుంది. అరవడం మానేసింది, అదొక్కటే తేడా. వచ్చినవాళ్ళు ఓదార్చబోతే ఒకే మాట చెప్పేది. "అంతా పదకొండు రోజుల్లో అయిపోయిందండీ. దానికే తెలీదు. ఇంక నాకెలా తెలుస్తుంది?" బొత్తాల కోసం వచ్చి నాకూ అదే చెప్పేది. పదిసార్లు చెప్పినా మొదటిసారి చెప్పినట్టే చెప్పేది. ఆ మాటను పట్టుకునే ఆ మనిషి రోజు గడుపుతోందని నాకర్థమైంది. ముందే తెలిసే వీలు లేదు కాబట్టి తన తప్పు లేదు. ఆ ఒక్కటీ నిజమైతే చాలు, మిగతాది ఎలాగో మోస్తుంది.

నాలుగు నెలలు గడిచాయి. ఒక టీచరమ్మ, మా పాత ఖాతాదారే, కూతురికి కొత్తగా ఉద్యోగం వచ్చిందని బట్టలు కుట్టించుకోవడానికి వచ్చింది. ఆ పిల్ల బొద్దుగా ఉంది. ఇంచుమించు బంతి కొలతే. చిన్నావిడ చాలాసేపు ఆ పిల్ల భుజాల వంక చూసి, "కొత్తవి తర్వాత కుడతాను. మా అమ్మాయివి ఉన్నాయి, మంచివి, ఇస్తే వేసుకుంటావా?" అని అడిగింది. ఆ పిల్ల తల్లి వంక చూసి తలూపింది. బీరువాలో పెట్టి కుళ్ళబెట్టడం కంటే ఒకరి ఒంటి మీద ఉండటం నయం కదా అని చిన్నావిడ నాతో అంది. ఆ మాట అనడానికి ఆవిడ ఎంత దూరం నడిచి వచ్చిందో నాకు తెలుసు.

షాపు గడప దాటే ప్రతి బట్టనూ లోపలివైపు తిప్పి చూడటం చిన్నావిడ అలవాటు. కూతురి బట్టలు ఇంట్లోవి కాబట్టి ఎప్పుడూ తిప్పలేదు. అందులోనూ ఆఖరి ఏడాది బంతి తన బట్టలు తనే ఉతుక్కునేది. "దానికి బాధ్యత తెలిసొచ్చింది అన్నయ్యా" అని చిన్నావిడ నా దగ్గర గొప్పలు పోయింది కూడా. ఇప్పుడు ఇస్తున్నాం కదా అని మొదటి టాపు తిప్పింది. ఆకుపచ్చది.

మధ్యాహ్నం రెండింటికి అది పట్టుకుని మా కొట్టుకొచ్చింది. మామూలుగా రోడ్డు దాటేటప్పుడు చెప్పులేసుకుంటుంది. ఆ రోజు కాళ్ళకు ఏమీ లేవు.

"అన్నయ్యా, ఈ రంగు దారం మా అక్క నీ దగ్గర ఎప్పుడు కొంది?"

నాకు బుర్ర లేదు. ఉంటే ముందు ఆవిడ మొహం చూసేవాణ్ణి. దారం చూశాను. అది మామూలు ఆకుపచ్చ కాదు, నాచు రంగు. ఎవరూ అడగరు, నేను పెట్టను. పెద్దావిడ ప్రత్యేకంగా అడిగితే తెప్పించాను.

"పోయినేడు వానలప్పుడు. చిన్న ఉండ ఒక్కటి చాలంది. ఒక్క ఉండ కోసం తెప్పించాలా అని నేను గోల చేశాను కూడా. ఏం?"

ఆవిడ టాపు లోపలివైపు నా బల్ల మీద పరిచింది. పక్క కుట్టు దగ్గర ఒక వరస కాదు, మూడు వరసలున్నాయి. బయటి అంచు దగ్గరిది చిన్నావిడ కుట్టు, ఎవరు చూసినా చెప్పొచ్చు, బియ్యపుగింజల్లా ఒకే తీరు. దాని లోపల వేలి మందం ఎడంగా ఇంకో వరస. దానికి లోపల ఇంకోటి. లోపలి రెండూ కాస్త పొడుగు కుట్లు, చివర రెండుసార్లు వెనక్కి కుట్టి ఆపినవి. పెద్దావిడ అలాగే ఆపుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ రెండు చేతులకూ దారం అమ్ముతున్నాను, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

"నాతో రా" అంది. వెళ్ళాను. కొట్టు తీసి ఉందన్న సంగతి కూడా గుర్తులేదు.

పెద్దావిడ ఒక కాలరు ఇస్త్రీ చేస్తోంది. చిన్నావిడ ఆ టాపును ఇస్త్రీ బల్ల మీద వేసింది.

"ఇది నీ చెయ్యే కదక్కా?"

పెద్దావిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. అబద్ధం చెప్పడానికి చాలినంత సమయం తీసుకుంది. చెప్పలేదు.

"నాదే."

"ఎందుకు లోపలికి పట్టావు?"

"వదులైంది."

"ఎందుకు వదులైంది?"

పెద్దావిడ నా వంక చూసింది. నేను నేల చూశాను.

"కడుపులో గడ్డ. పోయినేడు వేసవిలో తెలిసింది. ఆపరేషన్‌కి దాటిపోయిందన్నారు. మందులు వాడితే ఏడాది, ఏడాదిన్నర అన్నారు."

చిన్నావిడ వేళ్ళ మీద లెక్కపెట్టింది. వేసవి నుంచి ఆ పదకొండు రోజుల దాకా. పద్నాలుగు నెలలు. లెక్కపెట్టడం అయ్యాక కూడా వేళ్ళు అలాగే పట్టుకుని నిలబడింది.

"దానికి తెలుసా?"

"అదే ఒక్కతీ వెళ్ళి చూపించుకుంది. కాయితం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నేను నీ దగ్గరికి పరిగెత్తబోతే నా రెండు చేతులూ పట్టుకుంది. 'నాన్న పోయినప్పుడు అమ్మ మంచమెక్కింది. ఈసారి ఎక్కితే లేపడానికి నేనుండను పెద్దమ్మా' అంది. నేనేం చెయ్యను?"

"చెప్పాలి!" చిన్నావిడ గొంతు నాలుగు నెలల తర్వాత మొదటిసారి లేచింది. "నాకు చెప్పాలి! మంచమెక్కితే ఎక్కుతాను. కన్నకూతురు పోతుంటే మంచమెక్కే హక్కు కూడా లేదా నాకు? ఎవరిచ్చారు మీకు ఆ పెత్తనం?"

"నువ్వు తట్టుకోలేవని..."

"ఆ మాట అనకు. నువ్వు కూడా అన్నావు కదన్నయ్యా, నాకు తెలుసు, అందరూ అన్నారు. ఎప్పుడో పదమూడేళ్ళ కింద ఒకసారి పడ్డాను, లేచానా లేదా? పడ్డది గుర్తుంది గానీ లేచింది ఒక్కరికీ గుర్తులేదు."

ఆవిడ బల్ల సొరుగులోంచి కొలతల పుస్తకం లాగింది. కూతురి పేజీ తీసి చూపించింది. ఆ ఏడాదిలో మూడు కొత్త టాపులు కుట్టారు, మూడుసార్లు కొలతలున్నాయి. మూడుసార్లూ నడుము ముప్పై నాలుగు. చిన్నావిడ గుండ్రటి అంకెలు.

"ఇవి నా చేత్తో రాశాను. నువ్వు దాని చుట్టూ టేపు పెట్టి, అంకె చూసి, నోటితో ఇంకోటి చెప్పావు. అది అక్కడే నిలబడి విన్నది. నేను ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. నా వెనకాల ఇద్దరూ మొహాలు చూసుకున్నారా? నవ్వుకున్నారా?"

"ఏడిచాం" అంది పెద్దావిడ. "నువ్వు తలెత్తవని తెలుసు."

ఆ మాటతో చిన్నావిడ స్టూలు మీద కూలబడింది. పెద్దావిడ అబద్ధం ఆడిందని కాదు ఆవిడ బాధ. తన చూపు ఎలా పనిచేస్తుందో ప్రపంచంలో అక్కకే బాగా తెలుసు. మొహం కంటే ముందు బట్ట చూస్తానని, బట్ట నప్పితే నమ్ముతానని, రాసేటప్పుడు తలెత్తనని. ఆ తెలిసినదంతా వాడుకుని తన కళ్ళకు తన కుట్టుతోనే గంతలు కట్టింది. పరాయివాడు చేస్తే పోలీసుల దగ్గరికి వెళ్ళొచ్చు. తోడబుట్టినది చేస్తే ఎక్కడికి వెళ్తారు?

"డబ్బాలో తిండి మిగిల్చి తెస్తోందని నాలుగు రోజులు దానితో మాట్లాడలేదు నేను" అంది ఎవరి వంకా చూడకుండా. "డైటింగు చేస్తోందనుకున్నాను. నీకు గుర్తుందా అక్కా? నీతో చెప్పాను కూడా, మాట్లాడనని. నువ్వు సరేలే అన్నావు. ఉన్నవే కొన్ని రోజులు. అందులో నాలుగు నేను పారేశాను. నువ్వు చూస్తూ కూర్చున్నావు."

పెద్దావిడ ఇస్త్రీపెట్టె తీగ ఊడబీకి, సంచీ తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

అక్కాచెల్లెళ్ళు విడిపోతారనుకుంది వీధి. మర్నాడు ఇద్దరూ వచ్చారు. రాక ఏం చేస్తారు, షాపు ఒకటే, బతుకుతెరువు ఒకటే. కానీ చిన్నావిడ అక్కతో మాట్లాడటం మానేసింది. టీచరమ్మ కూతురికి బట్టలు ఇవ్వనని కబురు పెట్టింది. ఆ తర్వాత ఎవరూ అనుకోని పని మొదలుపెట్టింది. పెద్దావిడ కొలిచి "ముప్పై ఆరు" అనగానే చిన్నావిడ కలం కింద పెట్టి, లేచి వచ్చి, అక్క చేతిలోంచి టేపు తీసుకుని, అదే మనిషిని మళ్ళీ కొలిచేది. ముప్పై ఆరే వచ్చేది. వెళ్ళి కూర్చుని రాసుకునేది. భుజం, మళ్ళీ లేవడం. చెయ్యి, మళ్ళీ లేవడం. వచ్చినవాళ్ళకి ఇదేం తంతో అర్థం కాలేదు. "మీ షాపులో ఇద్దరు కొలిస్తే రెండు కూలీలు తీసుకుంటారా?" అని ఒకావిడ నవ్వింది. పెద్దావిడ చేతులు కట్టుకుని పక్కన నిలబడేది. నడివీధిలో చెంపదెబ్బ తిన్నా అంత నామోషీ ఉండదు. నేను చూడలేక ఒకరోజు నోరు జారాను.

"చెల్లెమ్మా, ఎన్నాళ్ళిలా? నలుగురిలో పెద్దదాన్ని అలా..."

"నలుగురికీ తెలియకుండా నాకు చేసింది. నేను నలుగురిలో చేస్తున్నాను. నాదే నయం" అంది. నేను నా కొట్టుకొచ్చి కూర్చున్నాను.

నాలుగు రోజులకోసారి భోజనాలయ్యాక ఇంటి నుంచి కూతురి బట్ట ఒకటి తెచ్చి, అక్క ఎదురుగానే కూర్చుని లోపలి కుట్లు విప్పేది. చిన్న కత్తెర మొనతో ఒక్కో కుట్టూ లేపి, దారం లాగి, నేల మీద పడేసేది. లోపలి వరస, దాని తర్వాతది. తన కుట్టు దగ్గరికి వచ్చాక ఆగేది. ఆ బట్ట మళ్ళీ తను కుట్టినంత వెడల్పు అయ్యేది. మడతపెట్టి సంచీలో వేసుకునేది. సాయంత్రం ఊడ్చేటప్పుడు ఆ దారం ముక్కలు ఎత్తేది పెద్దావిడే. ఇలా తొమ్మిది బట్టలు అయ్యాయి. ఐదు వారాలు.

పదోది బూడిద రంగు టాపు. ఆస్పత్రిలో చేర్చిన రోజు బంతి ఒంటి మీద ఉన్నది. ఆస్పత్రివాళ్ళు కవరులో పెట్టి ఇచ్చారు. ఆ కవరు అప్పటిదాకా ముడి విప్పలేదు. నేను జిప్పులు ఇవ్వడానికి వెళ్ళేసరికి చిన్నావిడ దాన్ని విప్పి, టాపు బయటకు తీసి, ఒక్కసారి మొహానికి ఆనించుకుంది. తర్వాత తిరగేసి ఒళ్ళో పరిచింది. కత్తెర తీసుకుంది. అలాగే ఉండిపోయింది.

నేను వంగి చూశాను. మిషను కుట్లు మూడు వరసలున్నాయి, చిన్నావిడది ఒకటి, పెద్దావిడవి రెండు. వాటికి లోపల నాలుగోది ఉంది. చేత్తో కుట్టినది. ఒక కుట్టు గోరంత, పక్కది వేలంత. మధ్యలో దారి తప్పి, మళ్ళీ వెనక్కి వచ్చి, చివర ఒకదాని మీద ఒకటి నాలుగు ముళ్ళు. చీమల బారు.

"ఇది నీ చెయ్యి కాదు" అంది చిన్నావిడ. ఐదు వారాల్లో అక్కతో ఆడిన మొదటి మాట.

పెద్దావిడ వచ్చి చూసింది. ఆవిడకూ ఆ కుట్టు సంగతి తెలియదని మొహమే చెప్పింది.

"కాదు. మళ్ళీ వదులైందంటే ఈసారి నేను కుట్టనన్నాను. చేసిన పాపం చాలు, ఆదివారంలోపు అమ్మకి నువ్వు చెప్తావా నన్ను చెప్పమంటావా అన్నాను. సరే నేనే చెప్తాను పెద్దమ్మా అంది. శుక్రవారం ఆస్పత్రిలో పడింది. చెప్పకుండా... ఇది కుట్టుకుందన్నమాట."

చిన్నావిడ ఆ వంకర కుట్ల మీద వేలితో రాస్తోంది. మాట్లాడినప్పుడు గొంతు చాలా మామూలుగా ఉంది.

"గురువారం. మధ్యాహ్నం ఇంటికొచ్చింది. బొత్తాం ఊడింది, బూడిద రంగు దారం ఉందా అంది. ఇచ్చాను. పది నిమిషాలు ఆ సూదితో తంటాలు పడి నా దగ్గరికొచ్చింది. ఇరవై నాలుగేళ్ళొచ్చాయి, దారం ఎక్కించుకోలేవా అని నవ్వాను. నేనే ఎక్కించి, ముడివేసి ఇచ్చాను. థాంక్సమ్మా అని బుగ్గ గిల్లి వెళ్ళింది."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ చేస్తున్నారు, అది స్టార్టవడం లేదు.

"ఇన్నాళ్ళూ అక్క మీద పడి ఏడిచాను. నువ్వు పెద్దదొంగవే బంతీ. అందరి చేతా చేయించుకున్నావు. చివరికి నా చేత కూడా." ఒళ్ళోని గుడ్డతో అంటోంది. "నేను నీకు ఏం తక్కువ చేశానే? నీ పక్కన కూర్చోనివ్వడానికి కూడా పనికిరానా? నీకు నొప్పిగా ఉందని నాకొక్కదానికి చెప్పకూడదా? అమ్మనే నేను." అప్పుడు ఏడ్చింది. నాకు తెలిసి బంతి పోయాక అదే మొదటిసారి. పెద్దావిడ దగ్గరికి వెళ్ళబోయింది. చిన్నావిడ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. పెద్దావిడ ఆగిపోయింది.

కాసేపటికి చిన్నావిడ ముక్కు తుడుచుకుంది. కత్తెర మొన మొదటి వంకర కుట్టు కింద పెట్టింది. ఈ చేతి కుట్టును ఆవిడ ఎన్ని వందలసార్లు విప్పించిందో నాకు తెలుసు. కుట్టు పైకి లేచింది, తెగలేదు. కత్తెర తీసేసి పక్కన పెట్టింది.

టాపును బల్ల మీద వేసి అరచేత్తో సాపు చేసింది. మెడలో వేలాడుతున్న టేపు తీసి, నడుము దగ్గర ఆ నాలుగో వరస నుంచి అవతలి వైపు నాలుగో వరస దాకా పరిచింది. వంగి చూసింది.

"పదమూడు. రెండువైపులా ఇరవై ఆరు. వదులు రెండు తీసేస్తే" అని ఆగి, కొలిచేటప్పుడు అక్క చెప్పే తీరులోనే, గట్టిగా, "నడుము ఇరవై నాలుగు" అంది.

పెద్దావిడకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. చేతులు చీరకు తుడుచుకుని, వెళ్ళి చెల్లెలి కుర్చీలో కూర్చుంది. సొరుగులోంచి పుస్తకం తీసింది. బంతి పేజీలో మూడు ముప్పై నాలుగుల కింద ఖాళీ ఉంది. అక్కడ రాసింది.

"ఛాతీ ఇరవై తొమ్మిది."

రాసింది. ఇరవై రెండేళ్ళలో పెద్దావిడ ఆ పుస్తకంలో రాయడం నేను చూడలేదు. పెద్దపెద్ద అక్షరాలు, బడిపిల్లలవిలా. భుజం చెప్పింది, చెయ్యి చెప్పింది, పొడవు చెప్పింది. ఒక్కో అంకె చెప్పి, కలం ఆగేదాకా ఆగి, ఇంకోటి చెప్పింది. దేన్నీ రెండోసారి కొలవలేదు. నేను జిప్పుల కట్ట ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.

అన్నీ అయ్యాక పెద్దావిడ కలం పైకెత్తింది.

"తేదీ ఏం వెయ్యను?"

"ఆ గురువారందే వెయ్యి" అంది చిన్నావిడ.

పెద్దావిడ తలెత్తకుండా వేసింది.